పసిబిడ్డల గుండె లోపములు: చికిత్సకు అదను తప్పరాదు

పంచాయతీ పని అనగానే త్రాగునీరు, వీధి దీపములు, మురుగు కాలువలు, బాటలు మనకు ముందుగా స్ఫురించును. ఇవి కంటికి కనబడు పనులు. కంటికి కనబడకుండ ఇండ్లలోనే జరిగిపోవు విషయములును కొన్ని గలవు. తల్లి ఒడిలో పాలు త్రాగుచు, నాలుగు గుక్కలకే ఆయాసపడి, నుదుట చెమటలు పట్టి, రొమ్ము వదలివేయు పసిబిడ్డ సంగతి అట్టిది. "బిడ్డకు బలము చాలదు" అని కొందరు, "దిష్టి తగిలినది" అని కొందరు, "పెరిగినకొలది అదే సర్దుకొనును" అని కొందరు అనుకొందురు. నెలలు గడచిపోవును. కొన్ని ఇండ్లలో బిడ్డ దక్కదు. ఎందుకు దక్కలేదో కూడ ఇంటివారికి తెలియదు.

అట్టి బిడ్డలలో కొందరికి పుట్టుకతోనే గుండె నిర్మాణములో లోపము ఉండును. ఈ లోపములలో పెక్కింటికి నేడు మంచి చికిత్స కలదు. కాని విత్తనమునకు అదను ఉన్నట్లే ఈ చికిత్సకును అదను కలదు. అదను దాటిన పిదప ఎంత పెద్ద ఆసుపత్రికి పోయినను, ఎంత ధనము వెచ్చించినను కొన్ని లోపములను సరిచేయుట సాధ్యము కాదు. ఆ అదను తప్పిపోకుండ చూచుటలో గ్రామ పంచాయతీ సభ్యులు చేయదగిన పని ఎంతయో కలదు. దానిని వివరించుటకే ఈ వ్యాసము.

ఇది అరుదైన జబ్బు కాదు

సజీవముగ పుట్టిన ప్రతి 1000 మంది శిశువులలో సుమారు 8 లేక 9 మందికి గుండెలో ఏదియో ఒక లోపము ఉండునని వైద్యుల అంచనా. సంవత్సరమునకు 50 కాన్పులు జరుగు పంచాయతీలో రెండు మూడు సంవత్సరములకు ఒక బిడ్డ చొప్పున ఇట్లు పుట్టవచ్చునన్న మాట. అయిదేండ్ల పదవీకాలములో ప్రతి సభ్యునికిని ఇట్టి కుటుంబము ఒకటి రెండైనను ఎదురగుట సహజము.

ఈ బిడ్డలందరికిని ఆపరేషను అవసరముండదు. కొన్ని చిన్న రంధ్రములు వాటంతట అవియే పూడిపోవును. ఇంచుమించు నాలుగవ వంతు మందికి మాత్రము లోపము తీవ్రముగ నుండి, మొదటి సంవత్సరములోనే చికిత్స కావలసివచ్చును. ఎవరికి అవసరము, ఎవరికి కాదు అను నిర్ణయము వైద్యునిదేగాని ఇరుగుపొరుగువారిది కాదు.

గుండె పనిచేయు తీరు

గుండెను నాలుగు గదుల ఇల్లుగ ఊహించుకొనవచ్చును. పైన రెండు గదులు, క్రింద రెండు గదులు. కుడి ఎడమల నడుమ ఒక గోడ. శరీరమంతయు తిరిగి, ప్రాణవాయువు తగ్గిన రక్తము కుడివైపు గదులకు చేరును. అచ్చటినుండి ఊపిరితిత్తులకు పోయి, ప్రాణవాయువును నింపుకొని, ఎడమవైపు గదులకు వచ్చును. ఎడమవైపు క్రింది గది ఆ మంచి రక్తమును బలముగ శరీరమంతటికి తోయును. కుడివైపున ఒత్తిడి తక్కువ, ఎడమవైపున ఎక్కువ.

తల్లి కడుపులో నున్నపుడు శిశువు ఊపిరి పీల్చదు. ప్రాణవాయువు తల్లి రక్తమునుండి మాయ ద్వారా అందును. కావున ఆ కాలములో పై గదుల నడుమ ఒక ద్వారమును, పెద్ద రక్తనాళముల నడుమ ఒక అడ్డ నాళమును ప్రకృతియే ఏర్పరచినది. బిడ్డ పుట్టి ఊపిరి పీల్చిన పిదప ఇవి మూసుకొనిపోవలెను. కొందరిలో అవి మూసుకొనవు. మరికొందరిలో గర్భములో మొదటి రెండు నెలలలో గుండె రూపుకట్టునపుడే గోడలో వెలితి ఏర్పడును. లేదా కవాటము ఇరుకగును. లేదా రక్తనాళములు తారుమారగును.

రెండు విధములైన లోపములు

తెలియుటకు సులువుగ నుండునట్లు ఈ లోపములను రెండు తెగలుగ చెప్పుకొందము.

మొదటి తెగలో బిడ్డ రంగు మారదు. పై గదుల నడుమ రంధ్రము, క్రింది గదుల నడుమ రంధ్రము, మూసుకొనని అడ్డ నాళము ఈ తెగలోనివి. ఒత్తిడి ఎక్కువగ నున్న ఎడమవైపు రక్తము గండి పడిన కాలువవలె కుడివైపునకు పొర్లి, ఊపిరితిత్తులను ముంచెత్తును. బిడ్డకు ఆయాసము, చెమటలు, మాటిమాటికి నిమ్ము చేయుట, బరువు పెరగకపోవుట కలుగును. కవాటము ఇరుకగుట, శరీరమునకు పోవు పెద్ద ధమని ఒకచోట సన్నబడుట అను లోపములలో కూడ సాధారణముగ రంగు మారదు.

రెండవ తెగలో చెడు రక్తము మంచి రక్తముతో కలిసి శరీరమునకు పోవుటచే పెదవులు, నాలుక, గోళ్ళు నీలముగ నుండును. వీరినే నీలి శిశువులందురు. నాలుగు లోపములు ఒకేచోట కూడియుండు టెట్రాలజీ ఆఫ్ ఫాలో అను జబ్బు వీరిలో ముఖ్యమైనది. రెండు పెద్ద ధమనులు తారుమారై పుట్టిన శిశువు మొదటి దినములలోనే నీలమై ప్రమాదస్థితికి వచ్చును.

ఆలస్యమైనచో ఏమగును?

పొలమునకు గండినుండి వరద నీరు ఏండ్ల తరబడి పారినచో మేట వేయును. ఊపిరితిత్తులలో కూడ ఇట్టిదే జరుగును. క్రింది గదుల నడుమ పెద్ద రంధ్రమున్నచో అధిక ఒత్తిడితో వచ్చు రక్తమును తట్టుకొనుటకు ఊపిరితిత్తుల రక్తనాళముల గోడలు దళసరియై గట్టిపడును. మార్గము ఇరుకగుటచే కుడివైపు ఒత్తిడి క్రమముగ పెరిగి, తుదకు ఎడమవైపును మించును. అపుడు ప్రవాహము ఎదురు తిరిగి, చెడు రక్తము శరీరములోనికి పోవును. అంతవరకు మామూలు రంగులో నున్న పిల్లవాడు నీలమగును.

ఈ స్థితికి వచ్చిన పిదప రంధ్రమును మూయరాదు. మూసినచో కుడివైపు గదికి ఉన్న ఒక్క దారియు పోయి గుండె విఫలమగును. ఏ రంధ్రమును మూసి బిడ్డను రక్షింపగలిగియుందుమో, ఆ రంధ్రమునే ఇపుడు తెరచి ఉంచవలసి వచ్చును. ఇకమీదట మందులతో కొంత ఉపశమనమేగాని పూర్తి స్వస్థత ఉండదు.

ఒకే వీధిలో రెండు ఇండ్లను ఊహింతము. రెండింటను ఒకే విధమైన పెద్ద రంధ్రముతో బిడ్డలు పుట్టిరి. మొదటి ఇంటివారు మూడవ నెలలో ఆశా కార్యకర్త మాట విని ఆసుపత్రికి పోయిరి. ఆరవ నెలలో ఆపరేషను జరిగినది. ఆ పాప నేడు బడికి పరుగెత్తుచున్నది. రెండవ ఇంటిలో బిడ్డకు ఏడాది గడచుసరికి ఆయాసము తగ్గినట్లు కనబడెను. ఇంటివారు సంతసించి, జబ్బు నయమైనదనుకొని మిన్నకుండిరి. నిజమునకు ఊపిరితిత్తుల నాళములు గట్టిపడుటచే వరద తగ్గినది. అందుచే ఆయాసము తగ్గినది. పండ్రెండవ ఏట పెదవులు నీలమైనపుడు ఆసుపత్రికి పోగా, ఆపరేషనుకు కాలము మించిపోయినదని చెప్పిరి. జబ్బు ఒక్కటే. తేడా అదనులోనే కలదు. "ఆయాసము తగ్గినది గదా" అను మాటను ఒక్కొకపుడు నమ్మరాదని దీనివలన గ్రహింపవలెను.

కారణములు, అపోహలు

చాలమంది బిడ్డలలో ఈ లోపమునకు ఇదియే కారణమని చెప్పుటకు వీలులేదు. గ్రహణము నాడు గర్భిణి బయటికి వచ్చుటవలన కాని, తల్లి చేసిన తప్పువలన కాని, పూర్వజన్మ పాపమువలన కాని ఇది రాదు. కోడలిని నిందించుట అన్యాయము. ఆ నింద భయముచేతనే కొందరు తల్లులు బిడ్డ ఆయాసమును దాచిపెట్టుదురు.

అయినను, లోపము వచ్చు అవకాశమును పెంచునట్టివి కొన్ని తెలిసినవి. మేనరికము, ముఖ్యముగ మేనమామతో వివాహము అందొకటి. గర్భిణికి అదుపులేని మధుమేహము మరియొకటి. మూర్ఛ మొదలగు జబ్బులకు వాడు కొన్ని మందులు కూడ కారణము కావచ్చును. అట్లని గర్భిణి వానిని తనంతట మానరాదు, డాక్టరుతో ముందుగనే సంప్రదింపవలెను. గర్భము దాల్చిన తొలి నెలలలో రుబెల్లా అను జ్వరము, దద్దురులు వచ్చినచో శిశువు గుండెకును, కండ్లకును, చెవులకును హాని కలుగును. తల్లికి వచ్చిన రుబెల్లాకును బిడ్డల ఈ లోపములకును సంబంధము కలదని 1941లో ఆస్ట్రేలియా దేశపు కంటి వైద్యుడు నార్మన్ గ్రెగ్ మొదట గుర్తించెను. నేడు దానిని నివారించు తట్టు-రుబెల్లా టీకా మన రెండు తెలుగు రాష్ట్రములలోను 2017 నుండి పిల్లలకు ఉచితముగ వేయబడుచున్నది. ఈ టీకా ఒక్క బిడ్డకును తప్పకుండ చూచుట రాబోవు తరము గుండెలను కాపాడుటయే.

ఎట్లు గుర్తింపవలెను?

గుర్తించుటకు డాక్టరే కానక్కరలేదు. చూడవలసినది తెలిసిన తల్లి, అవ్వ, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, బడి పంతులు ఎవరైనను అనుమానింపవచ్చును.

చంటిబిడ్డలలో చూడవలసినవి: పాలు త్రాగునపుడు మాటిమాటికి ఆగి రొప్పుట, నుదుట చెమటలు పట్టుట, నిదురలో కూడ వేగముగ ఊపిరి తీయుట, డొక్కలు ఎగురవేయుట, తరచుగ నిమ్ము చేయుట, నెలనెలకు బరువు పెరగకపోవుట, పెదవులును, నాలుకయు నీలమగుట. బిడ్డ నెమ్మదిగ నున్నపుడు నిమిషమునకు ఎన్ని పర్యాయములు ఊపిరి తీయునో పూర్తి నిమిషము లెక్కింపవలెను. రెండు నెలలలోపు బిడ్డకు 60, రెండు నెలలనుండి ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాదినుండి అయిదేండ్లలోపు బిడ్డకు 40, లేదా అంతకు మించినచో అది వేగమైన ఊపిరి. చలికి చేతులు, పాదములు మాత్రము నీలముగ కనబడుట వేరు. నాలుక నీలమగుట వేరు. రెండవది ఎప్పుడును అపాయ సూచనయే.

నడక వచ్చిన పిల్లలలో: తోటివారితో సమముగ పరుగెత్తలేకపోవుట, కొంత దూరము నడచి గొంతుకూర్చుండుట, ఏడ్చినపుడు నీలమై సొమ్మసిల్లుట, చేతివ్రేళ్ళ కొనలు ఉబ్బి గోళ్ళు గుండ్రనగుట. గొంతుకూర్చుండుటవలన నీలి పిల్లలకు ఊపిరితిత్తులకు పోవు రక్తము కొంత పెరిగి ఉపశమనము కలుగును. కావున వారు ఎవరును చెప్పకుండగనే అట్లు కూర్చుందురు. దానిని సోమరితనమని మందలింపరాదు. బిడ్డ నీలమై గిలగిలలాడునపుడు భుజముపై వేసికొని, మోకాళ్ళు రొమ్మునకు ఆనునట్లు మడచి పట్టుకొని, ఏడ్పించకుండ వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

యువతీయువకులలో: పనిచేయునపుడు మితిమీరిన ఆయాసము, గుండె దడ, పరుగులో స్పృహ తప్పుట, చిన్న వయసుననే రక్తపోటు. పై గదుల నడుమ రంధ్రము పెక్కుమందిలో ఇరువది ముప్పది ఏండ్లవరకు ఏ బాధయు కలిగింపక దాగియుండును.

ఇచట ఒక సంగతి చెప్పవలెను. బడి పిల్లలకు గొంతునొప్పి వచ్చి, కొద్ది వారములకు కీళ్ళ నొప్పులు, జ్వరము కలిగి గుండె కవాటములు చెడు జబ్బు వేరు. అది కీళ్ళవాతపు గుండె జబ్బు. పుట్టుకతో వచ్చినది కాదు. దానికి మూడు నాలుగు వారములకొకసారి పెన్సిలిన్ సూదిమందును ఏండ్ల తరబడి ఇచ్చి కాపాడుదురు. రెండింటిని తేల్చునది వైద్య పరీక్షయే.

పరీక్షలు భయపడదగినవి కావు

డాక్టరు మొదట స్టెతస్కోపుతో గుండె చప్పుడు వినును. లోపమున్నచోట బుసకొట్టునట్టి అదనపు శబ్దము వినిపించవచ్చును. ఆరోగ్యవంతులైన పిల్లలలో కూడ ఇట్టి శబ్దము తరచుగ ఉండును గనుక అది వినిపించినంత మాత్రమున బెంబేలు పడరాదు. కోవిడ్ నాటినుండి గ్రామములలో అందరు ఎరిగిన పల్సు ఆక్సీమీటరుతో నవజాత శిశువు కుడి చేతిని, ఒక పాదమును పరీక్షించినచో, పైకి కనబడని నీలిజబ్బు కూడ కొన్నిసార్లు బయటపడును. ఆరోగ్యవంతమైన శిశువులో ఒక దినము గడచిన పిదప ఆ అంకె 95 లేదా అంతకుపైన ఉండవలెను.

పిమ్మట ఎక్సు-రే, ఈ.సి.జి. తీయుదురు. అన్నిటికన్న ముఖ్యమైనది ఎకో పరీక్ష. గర్భిణికి స్కానింగు చేసిన విధముగనే రొమ్ముపై పరికరము నుంచి, గుండె గదులను, కవాటములను, రక్తము పారు తీరును తెరపై చూతురు. ఇందులో సూది లేదు, కోత లేదు, నొప్పి లేదు. ఎక్సు-రేవంటి కిరణములును లేవు. గర్భిణికి 18 నుండి 22 వారముల నడుమ చేయు స్కానింగులో శిశువు గుండెను కూడ చూడవచ్చును. అపుడే తీవ్రమైన లోపము తెలిసినచో కాన్పును తగిన ఆసుపత్రిలోనే ఏర్పాటు చేసికొనవచ్చును.

చికిత్స ఎంత దూరము వచ్చినది

ఒకప్పుడు గుండెకు కత్తి తగిలించుటయే అసాధ్యమని తలచిరి. 1938లో అమెరికాలోని బోస్టనులో రాబర్టు గ్రాస్ అను సర్జను ఒక బాలికకు మూసుకొనని అడ్డ నాళమును కట్టివేసి నయము చేసెను. 1944లో బాల్టిమోరులో నీలి శిశువులకు ఊపిరితిత్తులకు అదనముగ రక్తము చేర్చు ఆపరేషను మొదలైనది. దాని ఆలోచన హెలెన్ టౌసిగ్ అను వైద్యురాలిది. ఆమెకు చెవులు సరిగ వినబడవు, చేతి స్పర్శతోనే పిల్లల గుండె కదలికలను గ్రహించెడిది. దానిని ప్రయోగశాలలో సాధించినవాడు కళాశాల చదువు చదువలేకపోయిన నల్లజాతి సహాయకుడు వివియన్ థామస్. ఆపరేషను చేసినవాడు ఆల్ఫ్రెడ్ బ్లాలాక్. 1953లో జాన్ గిబ్బన్ గుండె, ఊపిరితిత్తుల పనిని కొంతసేపు యంత్రముచే చేయించి, 18 ఏండ్ల యువతికి పై గదుల నడుమ రంధ్రమును మూసెను. 1954లో మినియాపొలిసులో వాల్టన్ లిల్లెహై, యంత్రమునకు బదులు తండ్రి రక్తప్రసరణను బిడ్డ రక్తప్రసరణతో కలిపి, బిడ్డ గుండెను తెరచి రంధ్రమును కుట్టెను. మన దేశములో 1960 దశాబ్ది ఆరంభమునకు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలవంటిచోట్ల గుండెను తెరచి చేయు ఆపరేషనులు ఆరంభమైనవి.

నేడు చికిత్స మూడు విధములు. మొదటిది మందులు. ఇవి ఊపిరితిత్తులలో చేరిన నీటిని తగ్గించి, ఆపరేషనువరకు బిడ్డను నిలబెట్టును. పెద్ద రంధ్రమును మూయవు. రెండవది కోత లేని పద్ధతి. గజ్జలోని రక్తనాళము ద్వారా సన్నని గొట్టమును గుండెవరకు పంపి, గొడుగువంటి పరికరముతో రంధ్రమును మూయుదురు; ఇరుకైన కవాటమును బుడగతో వెడల్పు చేయుదురు. అన్ని రంధ్రములు దీనికి అనుకూలము కావు. మూడవది ఆపరేషను.

ఏది ఎపుడు అను విషయము బిడ్డనుబట్టి డాక్టరు నిర్ణయించును. స్థూలముగ చెప్పవలెనన్న, ధమనులు తారుమారైన శిశువునకు పుట్టిన మొదటి కొద్ది వారములలోనే, క్రింది గదుల నడుమ పెద్ద రంధ్రమునకు ఆరు నెలలు నిండులోపుననే, నీలిజబ్బు టెట్రాలజీకి ఇంచుమించు ఏడాదిలోపున, పై గదుల నడుమ రంధ్రమునకు రెండు మొదలు నాలుగేండ్ల వయసులో చికిత్స చేయుదురు. "బిడ్డ కొంచెము బలము పుంజుకొన్న పిమ్మట పోదము" అని ఇంటివారు ఆగుట పొరపాటు. లోపము సరిచేసిననే బలము వచ్చును.

చికిత్స తరువాత

ఆపరేషను విజయవంతమైన పిల్లలలో చాలమంది తోటివారివలె చదువుకొని, ఆటలాడి, పనిచేసికొని జీవింపగలరు. కాని ఆసుపత్రితో సంబంధము తెగిపోరాదు. టెట్రాలజీకి ఆపరేషనైన వారిలో కొందరికి యౌవనములో కవాటము మార్చవలసి వచ్చును. ఊరు మారినను, వలస పోయినను, డిశ్చార్జి కాగితములను, ఎకో నివేదికలను భూమి పట్టావలె భద్రపరచవలెను.

పండ్లను శుభ్రముగ ఉంచుకొనవలెను. పుచ్చుపండ్లనుండి సూక్ష్మజీవులు రక్తములో చేరి గుండెను పట్టుకొను ప్రమాదము కలదు. పన్ను తీయించునపుడు గుండె లోపము సంగతిని ముందే చెప్పవలెను. కారణము తెలియని జ్వరము వారము దాటినచో ఊరి ఆర్.ఎం.పి. వద్ద సూదులతో కాలయాపన చేయక ఆసుపత్రికి పోవలెను. నీలిజబ్బు పిల్లలకు విరేచనములైనచో వెంటనే ఓ.ఆర్.ఎస్. నీరు త్రాగించి ఆసుపత్రికి చేర్పవలెను. వారి రక్తము చిక్కగ నుండుటచే నీరు తగ్గుట ప్రమాదకరము.

ఆడపిల్లల విషయములో మరియొక కష్టము కలదు. రొమ్ముపై మచ్చ ఉన్నచో సంబంధము కుదరదని భయపడి కొందరు తల్లిదండ్రులు ఆపరేషను మానుకొందురు. కొందరు జబ్బును దాచి పెండ్లి చేయుదురు. గర్భిణీదశలో శరీరములోని రక్తము 40 నుండి 50 శాతము పెరుగును. ఆ భారమును లోపమున్న గుండె మోయలేకపోవచ్చును. ఊపిరితిత్తుల నాళములు గట్టిపడిన స్త్రీకి గర్భము ప్రాణాంతకము. సకాలమున సరిచేయించుకొన్న స్త్రీలలో పెక్కుమంది డాక్టరు పర్యవేక్షణలో సుఖముగ బిడ్డలను కనుచున్నారు. కావున మచ్చ దోషము కాదు, దాచుటయే దోషము.

పంచాయతీ చేయదగిన పనులు

1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, స్త్రీ శిశు సంక్షేమము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగ చేరినవి. కావున ఇది దయతో చేయు పని కాదు, మన విధులలోనిదే.

మొదటిది, ఇంటింటి సందర్శన. ఆసుపత్రి కాన్పయిన బిడ్డను ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఇంటివద్ద చూడవలెను. ఈ సందర్శనలు జరుగుచున్నవా అని గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పౌష్టికాహార కమిటీలో సభ్యులు అడుగవలెను. నెలనెలా అంగన్‌వాడీలో తూచిన బరువు పెరగని బిడ్డల సంగతి విచారింపవలెను.

రెండవది, వైద్య బృందము రాక. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద సంచార వైద్య బృందములు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలల పిల్లలను ఏడాదికి ఒకసారి పరీక్షింపవలెను. పుట్టినది మొదలు 18 ఏండ్లవరకు పిల్లలు దీని పరిధిలోనివారు. బృందము వచ్చు దినమును ముందుగ చాటింపు వేయించవలెను. ఆనాడు పొలములకు, ఇటుక బట్టీలకు పోవు కుటుంబముల పిల్లలే తప్పిపోవుదురు. వారిని ప్రత్యేకముగ పిలిపింపవలెను.

మూడవది, చీటీ వెంట నడచుట. అనుమానము కలిగిన బిడ్డకు బృందము చీటీ వ్రాసి జిల్లా బాలల సత్వర చికిత్సా కేంద్రమునకు పంపును. పెక్కు కుటుంబములలో ఆ చీటీ ఇంటి చూరులోనే ఉండిపోవును. కూలి పోవునని, దారి తెలియదని, అధికారులతో మాటాడ భయమని వారు ఆగిపోదురు. ఒక సభ్యుడు ఒక్క దినము వెంట పోయినచో ఈ మూడు అడ్డంకులును తొలగును.

నాలుగవది, ఖర్చు గురించిన ధైర్యము. 2007లో ఉమ్మడి రాష్ట్రమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ నేడు ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవగను, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగను ఉన్నది. అర్హులైన కుటుంబముల పిల్లల గుండె ఆపరేషనులు దీని క్రింద జరుగుచున్నవి. వివరములకు 104 నంబరునకు ఫోను చేయవచ్చును. హైదరాబాదులో నిమ్స్, తిరుపతిలో 2021లో ఆరంభమైన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయము, పుట్టపర్తిలో 1991నుండి ఉచితముగ చికిత్స చేయుచున్న శ్రీ సత్యసాయి ఆసుపత్రి ఇట్టి చికిత్స లభించు స్థలములలో కొన్ని. బిడ్డ పుట్టిన వెంటనే జనన ధ్రువపత్రము, ఆధారు, కార్డులో పేరు చేర్పించినచో అవసరము వచ్చిననాడు కాగితముల కొరకు దినములు వృథా కావు.

అయిదవది, నాటువైద్యమునకు అడ్డుపడుట. ఆయాసపడు బిడ్డకు పొట్టపై వాతలు పెట్టుట కొన్నిచోట్ల ఇంకను కలదు. అది హింసయేగాని వైద్యము కాదు. మ్రొక్కుబడి, తాయెత్తు వారి విశ్వాసము, వానిని పరిహసింపనక్కరలేదు. "తాయెత్తు కట్టుకొనుడు, రేపటి బస్సుకు ఆసుపత్రికి పోదము" అని చెప్పినచో ఇంటివారు వినుదురు.

ఆరవది, గుట్టు కాపాడుట. ఏ ఇంటి బిడ్డకు గుండె లోపమున్నదో గ్రామసభలో చదువరాదు. ఆ పేర్లు ఏ.ఎన్.ఎమ్. పుస్తకములోనే ఉండవలెను. సభలో చెప్పవలసినది జబ్బు లక్షణములు, చికిత్స వివరములు మాత్రమే.

ముగింపు

ఈ పనులకు పెద్ద నిధులు అక్కరలేదు. ఒక్క చూపు, ఒక్క ప్రశ్న, ఒక్క దినపు ప్రయాణము చాలును. ఈ వ్యాసము చదివిన సభ్యులు రాబోవు గ్రామ ఆరోగ్య దినమున తమ వార్డులో ఏడాదిలోపు బిడ్డలున్న ఇండ్లను లెక్కించి, ప్రతి తల్లిని ఒక్క మాట అడుగవలెనని మా కోరిక: "అమ్మా, బిడ్డ ఆయాసము లేకుండ పాలు త్రాగుచున్నదా?" ఆ ప్రశ్నకు "లేదు" అను సమాధానము వచ్చిన ఇంటినుండియే మన పని మొదలు కావలెను. అదను తప్పని ఆ బిడ్డ ఒకనాడు మన ఊరి బడికి పరుగెత్తిపోవుట మనమే చూతుము.